కెమెరా మీద తువ్వాలు

గోకర్ణలో మూడో రోజు మధ్యాహ్నం మా ఆయన ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. "ఏం కనబడట్లేదు, చూడు" అన్నాడు. తెరంతా పసుపుపచ్చగా ఉంది. హాలు లేదు, సోఫా లేదు, మా కుక్క జున్ను లేదు. కాసేపు తేరిపార చూస్తే అది గుడ్డ అని తెలిసింది. జున్నుకి స్నానం చేయించి తుడిచే పసుపు తువ్వాలు. బెంగళూరులో మా ఇంట్లో, మా కెమెరా మీద ఎవరో తువ్వాలు కప్పారు.

ఎవరో ఏమిటి, తాళంచెవి ఉన్నది ఒక్క మనిషి దగ్గరే.

ఆమె చేసింది సరైన పని అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఆ పూట మాత్రం నేను అలా అనుకోలేదు, చాలా కోపం వచ్చింది.

మేం ఉండేది మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో. నాది కాకినాడ, ఆయనది నంద్యాల. ఇద్దరం కాక ఇంట్లో ఒక కుక్క, ఒక పిల్లి. కుక్క పేరు జున్ను, పిల్లి పేరు బొబ్బట్టు. రెండూ ఆకలి మీద పెట్టిన పేర్లే. జున్ను జాతికుక్కేం కాదు, నాలుగేళ్ల కిందట వానల్లో సెల్లార్‌లో వణుకుతూ దొరికిన వీధికుక్క పిల్ల. బొబ్బట్టు దాని తర్వాత వచ్చి దాని మీద పెత్తనం చేస్తోంది.

జున్ను వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారి తప్ప మేమిద్దరం కలిసి ఊరు దాటలేదు. నా వైపు పెళ్లయితే నేను వెళ్తాను, ఆయన వైపు పెళ్లయితే ఆయన వెళ్తాడు. మా పెద్దమ్మ కూతురి పెళ్లిలో ఒకావిడ నన్ను పక్కకి లాగి, "ఏమ్మా, మీ ఇద్దరికీ పడట్లేదా?" అని చెవిలో అడిగింది. ఇంట్లో కుక్క ఉందండీ అంటే నమ్మలేదు. అది విన్నాకే ఈసారి పెళ్లిరోజుకి ఎలాగైనా నాలుగు రోజులు సముద్రం దగ్గరకి పోవాలని పట్టుబట్టాను.

"వాటిని కూడా తీసుకెళ్లొచ్చుగా" అని ఆఫీసులో అందరూ అన్నారు. పెంపుడు జంతువులకి స్వాగతం అని బోర్డు పెట్టుకున్న రిసార్టులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఇసుకలో కూర్చున్న కుక్కల ఫోటోలు చూసి నాకూ సరదా పుట్టింది, అబద్ధమెందుకు. లెక్క వేసుకుంటే ఆ సరదా దిగిపోయింది. గోకర్ణ మాకు 500 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. కారులో పది గంటలు, అందులో ఘాట్ రోడ్డు. జున్ను హెబ్బాళ దాటేలోపే కక్కుకునే రకం. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో ఇద్దరు పట్టే కూపే గానీ, నలుగురు పట్టే క్యాబిన్ గానీ మొత్తం మన పేరునే ఉండాలి. లేదంటే కుక్క గార్డు పెట్టెలో ఇనప గూట్లో రాత్రంతా ఒక్కతే ఉండాలి.

పోనీ చేరిందే అనుకుందాం. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాను. మధ్యాహ్నం ఇసుక అరికాళ్లు కాలుస్తుంది. దాహమేసి ఉప్పునీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు. మరీ ఎక్కువ తాగితే ఒంట్లో ఉప్పు పెరిగి ప్రాణం మీదకే వస్తుంది. పైగా ఆ ఒడ్డు ఖాళీగా ఏం లేదు. కూడ్లే బీచిలోనూ ఓం బీచిలోనూ అక్కడే పుట్టి పెరిగిన కుక్కలున్నాయి. పక్క వీధి కుక్క మన వీధిలోకొస్తే ఏం జరుగుతుందో రోజూ చూస్తూనే ఉన్నాం కదా. కుక్కని బీచికి తీసుకెళ్లడం నూటికి తొంభై సార్లు మన ఫోటో కోసమే. మీ కుక్కకి కారు ప్రయాణం, నీళ్లు నిజంగా ఇష్టమైతే ఆ పది మీరే, నా మాట పట్టించుకోకండి.

పిల్లి విషయంలో ఈ చర్చే అక్కర్లేదు. పిల్లికి ఇల్లు ముఖ్యం, మనుషులు తర్వాత అంటారు. రెండో మాట నేను ఒప్పుకోను గానీ మొదటిది నిజమే. బొబ్బట్టు రోజూ తలుపు అంచుకీ కుర్చీ కోళ్లకీ బుగ్గ రాసుకుంటూ తిరిగేది తన వాసన అక్కడ అంటించుకోవడానికే. ఆ వాసన లేని చోట దానికి అంతా పరాయిదే. ఇంకో భయం కూడా ఉంది. కుక్క ఒక రోజు తినకపోయినా ఫరవాలేదు గానీ, పిల్లి రెండు మూడు రోజులు మూతి ముట్టకపోతే, అందులోనూ మా దానిలా బొద్దుగా ఉంటే, కాలేయంలో కొవ్వు పేరుకుని జబ్బు చేస్తుంది. కాబట్టి గిన్నెలో తిండి పోసి పోవడం చాలదు, అది తిన్నదో లేదో చూసే మనిషి కావాలి.

జున్నుని ఇదివరకు ఒకసారి కుక్కల హాస్టల్లో పెట్టాం. పేరెందుకు గానీ, రోజూ ఫోటోలు పంపారు, ఒకదాంట్లో పుట్టినరోజు టోపీ కూడా పెట్టారు. దాని పుట్టినరోజు మాకే తెలీదు. మూడో రోజు తీసుకొస్తే అరిచి అరిచి గొంతు పోయింది, వారం పాటు ఎండు దగ్గు. కుక్కలు గుంపుగా ఉన్నచోట అంటుకునే దగ్గు అది, దానికి టీకా ఉంది. రేబిస్ టీకా వేయించాం కదా చాలనుకుని ఇది వేయించకపోవడం మా తప్పు. ఆ టోపీ ఫోటో ఎవరి కోసం తీశారో అప్పుడే ఆలోచించి ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు.

చివరికి మా ఇంట్లో పనిచేసే అక్కనే అడిగాను. ఆమెది కదిరి వైపు. మూడేళ్లుగా పొద్దున ఏడింటికల్లా వస్తుంది. ఐదు రాత్రులు మా ఇంట్లోనే పడుకుని రెండింటినీ చూసుకోమన్నాను. ఆ ఐదు రోజులకి నెల జీతంలో సగం అన్నాను. ఒప్పుకుంది. "జున్ను బెంగ పెట్టుకుంటుందేమో అక్కా" అంటే, "పెట్టుకుంటుంది మేడమ్. రెండు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. పిల్లలైనా అంతే" అంది. ఆ చివరి మాట అప్పుడు నా చెవిన పడలేదు. ఆమె పిల్లలిద్దరూ కదిరిలో వాళ్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. సంక్రాంతికి వెళ్లి వాళ్లని చూసొచ్చి అప్పటికి పది రోజులు కూడా కాలేదు.

బయల్దేరే ముందు హాల్లో కెమెరా బిగించాం. ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, చీకట్లోనూ చూస్తుంది, ఫోన్లో నొక్కితే మన మాట అక్కడ వినబడుతుంది. "జున్ను కోసం కెమెరా పెట్టామక్కా" అన్నాను. ఆమె తలెత్తి ఒకసారి చూసి "సరే మేడమ్" అంది. ఆమెని అడిగాననే అనుకున్నాను. చెప్పానంతే, అడగలేదు.

కాకినాడ దాన్ని, సముద్రం నాకు కొత్త కాదు. కానీ మా ఉప్పాడ ఒడ్డున సూర్యుడు నీళ్లలోంచి వస్తాడు, ఇక్కడ నీళ్లలోకి పోతాడు. చిన్నప్పటి నుంచి ఒకవైపే చూసిన కళ్లకి అది విచిత్రంగా ఉంటుంది. కూడ్లే నుంచి కొండ మీది కాలిబాటన ఓం బీచికి నడిచాం. పైనుంచి చూస్తే ఒడ్డు నిజంగానే ఓంకారంలా రెండు వంపులు తిరిగి ఉంటుంది. ఊళ్లో మహాబలేశ్వరుడి గుడికి వెళ్లాం. రావణుడు కైలాసం నుంచి ఆత్మలింగం తెస్తూ, సంధ్యావందనం వేళైందని అక్కడున్న పశువుల కాపరి కుర్రాడి చేతిలో పెట్టాడు. కాసేపు పట్టుకో, కింద పెట్టకు అన్నాడు. ఆ కుర్రాడు వినాయకుడు. మూడుసార్లు పిలిచి, రాకపోయేసరికి కింద పెట్టేశాడు, లింగం భూమిలో పాతుకుపోయింది. క్యూలో నిలబడి ఈ కథ తలుచుకుంటూ మా ఆయన, "ప్రాణంలాంటిది ఒకరి చేతిలో పెట్టి సెలవు పెట్టిన వాళ్లలో మనం రెండో బ్యాచ్" అన్నాడు. నవ్వుకున్నాం. నవ్వుతూనే ఇద్దరం ఫోన్లు తీశాం.

అసలు గొడవ అక్కడ మొదలైంది. మొదటి రోజు జున్ను ఏడవలేదు. గిన్నె నాకి నాకి తినేసి, ఎక్కకూడని సోఫా ఎక్కి, నాలుగు కాళ్లూ పైకి పెట్టి నిద్రపోయింది. రెండో రోజు పొద్దున అక్క చపాతీ చేస్తుంటే ఆమె కాళ్ల చుట్టూ తిరిగింది. బొబ్బట్టు ఆమె దుప్పటి మీదే పడుకుంది. ఇది చూసి నేను సంతోషించాలి, హాయిగా వెళ్లి నీళ్లలో దిగాలి. నాకు ఉక్రోషం వచ్చింది. "మనం లేమని దీనికి తెలిసినట్టే లేదే" అన్నాను. "మర్చిపోయిందా ఏంటి" అన్నాడు ఆయన, పైకి సరదాగానే. సాయంత్రం సూర్యుడు దిగే వేళకి, ఒడ్డున జనమంతా అటే చూస్తుంటే, మా ఆయన ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి "జున్నూ!" అని పిలిచాడు.

జున్ను ఒక్క ఉదుటున లేచింది. తోక గిరగిరా తిప్పుతూ తలుపు దగ్గరకి పరిగెత్తింది. తలుపు తెరుచుకోలేదు. "జున్నూ, ఇక్కడరా" అన్నాడు. అది వెనక్కి తిరిగి పడగ్గదిలోకి పోయింది, వంటింట్లోకి పోయింది, వచ్చి కర్టెన్ వెనక మూతి పెట్టి చూసింది. సోఫా కింద చూసింది. మళ్లీ కర్టెన్ వెనక. మేం నవ్వాం. మొదట నవ్వాం, ఆ మాట దాచను. తర్వాత అది గుమ్మం ముందు కూర్చుని, తలుపు కింద సందు దగ్గర ముక్కు పెట్టి, సన్నగా ఒక చప్పుడు చేసింది. దాన్ని ఊరుకోబెట్టాలని నేను కూడా మాట్లాడాను. అది మళ్లీ లేచి వెతికింది. బొబ్బట్టు మాత్రం నా గొంతు వినగానే చెవులు నిక్కించి తలుపు వైపు చూసింది, తర్వాత కెమెరా వైపు చూసింది, తర్వాత దిగి ఫ్రిజ్ వెనక్కి పోయింది.

మా తాతగారింట్లో పాత గ్రామఫోన్ రికార్డులుండేవి. వాటి మధ్యలో కుక్క బొమ్మ, బూర ముందు కూర్చుని తల పక్కకి వంచి వింటూ ఉంటుంది. మేం వాటిని కుక్కబొమ్మ ప్లేట్లు అనేవాళ్లం. ఆ కుక్క ఊహ కాదు, ఇంగ్లండులో నిజంగా బతికింది, పేరు నిప్పర్. దాని యజమాని 1887లో పోతే ఆయన తమ్ముడు ఫ్రాన్సిస్ బారో పెంచుకున్నాడు. ఆయన చిత్రకారుడు. కుక్క కూడా 1895లో పోయింది. మరో మూడేళ్లకి, అది యంత్రంలోంచి వచ్చే గొంతు వింటున్నట్టు ఆయన బొమ్మ వేశాడు. యజమాని గొంతు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. దాన్ని 1899లో గ్రామఫోన్ కంపెనీ కొనుక్కుంది. చిన్నప్పుడు ఆ బొమ్మ చూస్తే ముద్దొచ్చేది. మనిషి ఎక్కడున్నాడో అని బూరలో వెతుక్కుంటున్న కుక్క అది అని, కర్టెన్ వెనక జున్ను మూతి చూశాకే తట్టింది.

ఇంటికొచ్చాక దీని గురించి కాస్త చదివాను. జపాన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కుక్కలకి ముందు గొంతు వినిపించి, తర్వాత తెర మీద మొహం చూపించారు. గొంతు యజమానిదీ మొహం వేరేవాళ్లదీ అయితే, కుక్కలు ఆ మొహాన్ని ఎక్కువసేపు చూస్తూ ఉండిపోయాయి. అంటే గొంతు వినగానే ఎవరు కనబడాలో దాని మనసులో ఉందన్నమాట. 2021లో క్యోటో విశ్వవిద్యాలయం వాళ్లు పిల్లుల సంగతి చూశారు. యజమాని గొంతు ఒక స్పీకర్లోంచి వినిపించి, వెంటనే దూరంగా ఉన్న ఇంకో స్పీకర్లోంచి వినిపిస్తే పిల్లులు తెల్లబోయాయి. మనిషి కనబడకపోయినా, గొంతుని బట్టి ఎక్కడున్నదీ అవి లెక్క కట్టుకుంటున్నాయి. ఆ లెక్కనే మేం నాలుగు రూపాయల స్పీకర్‌తో చెడగొట్టాం. "అమ్మ ఊరెళ్లింది, మంగళవారం వస్తుంది" అని వాటికి చెప్పే భాష మన దగ్గర లేదు. ఫోన్లో పిలిస్తే వాటికి తెలిసేది ఒక్కటే: ఇంట్లోనే ఉన్నారు, నాకు కనబడట్లేదు.

మూడో రోజు పొద్దున కూడా పిలిచాం. మధ్యాహ్నానికి తువ్వాలు.

ఫోన్ చేశాను. "అక్కా, కెమెరా మీద గుడ్డ పడినట్టుంది" అన్నాను, వీలైనంత మర్యాదగా.

"పడలేదు మేడమ్. నేనే కప్పినా."

"ఎందుకు?"

"దాంట్లోంచి మీరు మాట్లాడినాక జున్ను అన్నం ముట్టలేదు. రాత్రంతా తలుపు కాడే పడుకుంది. పొద్దున మళ్లా సారు పిలిచినాడు, మళ్లా ఎతకను మొదలుపెట్టింది. నేను నిలబెట్టలేకపోయినా." కాసేపాగి అంది. "నాకూ ఇబ్బందిగానే ఉంది మేడమ్. అది ఎప్పుడు తిరుగుతుందో తెలీదు. తల దువ్వుకోవాలన్నా బాత్రూంలోకి పోతాండా."

నాకు మాట రాలేదు. నిజం చెప్పాలంటే ఆ రెండు రోజుల్లో మేం చూసింది జున్నుని ఒక్కదాన్నే కాదు. ఆమె ఎన్నింటికి లేచింది, టీవీ ఎంతసేపు చూసింది, జున్నుని ఎన్నిసార్లు కిందకి తీసుకెళ్లింది, అన్నీ చూశాం. "టీవీ చూస్తోంది" అని మా ఆయన అంటే "చూడనీ" అన్నాను, ఏదో నేనే అనుమతి ఇచ్చినట్టు. ఇంటి తాళం ఇచ్చేంత నమ్మకం ఉండి, తల దువ్వుకునేంత చోటు ఇవ్వలేదు. మా ఇల్లే, మేం పెట్టిన కెమెరాయే, అయినా ఆ ఐదు రాత్రులూ ఆమె ఉండే చోటు అది. పెంపుడు జంతువుల కెమెరాల ప్రకటనల్లో కుక్క ఉంటుంది, పిల్లి ఉంటుంది, వాటికి అన్నం పెట్టే మనిషి ఎక్కడా కనబడదు.

ఈ విషయంలో నాకు రెండు వైపులవాళ్లతోనూ పేచీ ఉంది. మా అత్తయ్య, "కుక్కకి బెంగేమిటే, మనుషుల మీద లేదు గానీ" అంటారు. మా అమ్మయితే, ఒక పిల్లో పిల్లాడో పుడితే ఇవన్నీ అవే పోతాయంటుంది. ఇంకోవైపు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, కుక్కని వదిలి టూరుకి పోవడమంటే కన్నబిడ్డని వదిలినట్టే అని రాసేవాళ్లున్నారు. ఇద్దరూ కొలిచేది ఒక్క బద్దతోనే, కన్నపిల్ల బద్దతో. ఒకరికి కుక్క అందులో సున్నా, ఇంకొకరికి నూరు. కుక్కని కుక్కలా చూస్తే దానికి కావలసినవి తెలుస్తాయి. వేళకి తిండి, వేళకి నడక, తెలిసిన వాసనలు, తెలిసిన మనిషి ఒకరు. అవి నాలుగూ మా ఇంట్లో ఉన్నాయి. లేనిదల్లా మేం. ఆ లోటు దానికంటే మాకే ఎక్కువ పట్టింది. బెంగ మాదే. దాన్ని మేం జున్ను మీద వేశాం, అది మోయకపోతే చిన్నబుచ్చుకున్నాం, మోసేదాకా పిలిచాం. నాకు కష్టంగా ఉన్నది ఒప్పుకోవడానికి ఇదే.

మా ఆయన తువ్వాలు తీయమనలేదు. "రోజుకొక ఫోటో పంపమను, చాలు" అన్నాడు. ఆ సాయంత్రం ఫోటో వచ్చింది. అందులో జున్ను లేదు, బొబ్బట్టు లేదు. ఖాళీ అయిన రెండు గిన్నెలు. పిల్లిని పెంచేవాళ్లకి అంతకంటే మంచి ఫోటో ఉండదు.

ఫోన్లు గదిలో పెట్టి వెళ్లాక మొదటి గంట మా ఇద్దరికీ మాటలు దొరకలేదు. నాలుగేళ్లుగా మేం మాట్లాడుకునేది చాలావరకు వాటి గురించే అని అప్పుడు తెలిసింది. జున్నుకి పిడుదులు పట్టాయి, బొబ్బట్టు కుండీలో పోసింది, కిందకి నువ్వు తీసుకెళ్తావా నేను తీసుకెళ్లనా. కోపాలు కూడా వాటి మీద పెట్టే తీర్చుకుంటాం: "చూశావా జున్నూ, మీ నాన్న మళ్లీ లేటు." ఇసుకలో పక్కపక్కన కూర్చుని ఎదురుగా ఒక ఆవు నడిచిపోతుంటే చూశాం (అక్కడ బీచి మీద ఆవులు మనకంటే నింపాదిగా తిరుగుతాయి). తర్వాత ఆయన, ఉద్యోగం మారాలనుకుంటున్నట్టు చెప్పాడు. రెండు నెలలుగా అనుకుంటున్నాడట. ఆ రాత్రి గదికి వెళ్లేసరికి పదకొండు దాటింది.

మంగళవారం పొద్దున తలుపు తీస్తే జున్ను మీద పడి, గిరగిరా తిరిగి, నా చెప్పు ఒకటి పట్టుకుని ఇల్లంతా పరిగెత్తింది. స్వీడన్ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 12 కుక్కల్ని ఇళ్లలో ఒంటరిగా వదిలి వీడియో తీశారు. అరగంట తర్వాత వచ్చినప్పటికంటే రెండు గంటల తర్వాత వస్తే కుక్కలు ఎక్కువ సంబరపడ్డాయి. రెండు గంటలకీ నాలుగు గంటలకీ మాత్రం పెద్ద తేడా లేదు. చెత్త పడేసి వచ్చిన రోజుకీ ఊరి నుంచి వచ్చిన రోజుకీ మా జున్ను సంబరంలో తేడా ఉందని మా ఆయన వాదన. ఉందనే నేనూ అనుకోవాలనుకుంటున్నాను. బొబ్బట్టు దూరం నుంచి చూసి, వీపు చూపించి కూర్చుంది. సాయంత్రానికి నా సంచీలో పడుకుంది, ఇసుకతో సహా.

కెమెరా మీద తువ్వాలు అలాగే ఉంది. మేం తీయలేదు, ప్లగ్గు పీకి వదిలేశాం.

ఉగాదికి వారం ముందు, అక్క గిన్నెలు తోముతూ అడిగింది. "మేడమ్, ఆ కెమెరా మీకు అక్కర్లేకపోతే నాకిస్తారా? మా అమ్మోళ్లింట్లో పెడతా. పిల్లోళ్లు బడి నుంచి వచ్చినారో లేదో చూసుకుంటా."

ఇన్నాళ్లు కెమెరాల మీద ఎంత ఆలోచించి పెట్టుకున్నానో అంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. "నువ్వే కదక్కా తువ్వాలు కప్పింది" అన్నాను.

"వాళ్లకి చెప్పి పెడతా కదా మేడమ్. వద్దంటే తీసేస్తా."

"దానికి వైఫై కావాలి."

"మా తమ్మునింట్లో ఉంది, పక్కిల్లే." చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి, తువ్వాలు తీసి జున్ను బుట్టలో పడేసి, కెమెరా వెనక మరలెన్ని ఉన్నాయో వంగి చూసింది. "నేను పిలిస్తే మా పిల్లోళ్లు కర్టెన్ ఎనక ఎతకరులే."